దేవుడు లేని ఇంటికి ఎవరొస్తారు?



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాసి ఇవ్వండని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు, సిద్ధులగుట్ట మీదనో పసుపు బజారు మీదనో రాస్తాననే ఆయన అనుకుని ఉంటారు. అవి నాకంటే బాగా రాయగలిగినవారు మన సంఘంలోనే ఉన్నారు. ఈ ఊళ్లో యాభై ఏళ్లుగా నన్ను చాలామంది అడిగిన ప్రశ్న ఒకటి ఉంది. దాని చరిత్ర రాయాలని నా కోరిక.

"దేవుడు లేడంటవు, మంచిదే. రేపు నీకేమన్న అయితే నీ ఇంటికి ఎవరొస్తరు?"

అడిగినవాళ్లలో చెడ్డ ఉద్దేశం ఉన్నవాళ్లు తక్కువ. చాలామంది నా మీద అభిమానంతోనే అడిగారు. ఆలోచించి చూస్తే ఇది దేవుడి గురించిన ప్రశ్న కాదు, మనుషుల గురించిన ప్రశ్న. పురుడు, పెళ్లి, చావు, ఈ మూడింటికీ నలుగురు కావాలి. ఆ నలుగురినీ మన సమాజంలో కులమూ గుడీ కలిపి తెస్తాయి. ఆ రెండింటినీ వదులుకున్నవాడు నలుగురిని ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

ఆరు, మూరు కలిస్తే తొమ్మిది కనుక నవనాథ సిద్ధుల మీదుగా ఆర్మూరుకు ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. గుట్ట మీద సిద్ధేశ్వరుడు, గుట్ట కింద పసుపు. ఏ దేవుడికి పూజ జరగాలన్నా పసుపు కావలసిందే. అటువంటి ఊళ్లో దేవుణ్ణి నమ్మని గుమాస్తా ఒకడు ఉద్యోగం వెళ్లబుచ్చి, పిల్లల పెళ్లిళ్లు చేసి, ఇప్పుడు పింఛను తింటున్నాడంటే అందులో ఊరి మంచితనం కూడా ఉంది. దసరాకు దఫ్తరులో టైపు మిషనుకు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టేవారు. నేను బొట్టు పెట్టుకునేవాణ్ణి కాదు, కొబ్బరి ముక్క మాత్రం తినేవాణ్ణి. దానికి నా తోటివాళ్లు నవ్వేవారే తప్ప ఎవరూ తగాదా పెట్టుకోలేదు.

ఈ ప్రశ్నకు నాకు తెలిసిన పాత జవాబు ఒకటి లండనులో దొరుకుతుంది. చార్లెస్ బ్రాడ్లా అనే నాస్తికుడు 1880లో నార్తాంప్టన్ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. దైవసాక్షి ప్రమాణం దగ్గర గొడవ వచ్చి, ఓటర్లు మళ్లీ మళ్లీ గెలిపించినా 1886 దాకా ఆయనను సభలో స్థిరంగా కూర్చోనివ్వలేదు. 1888లో ఆయన పట్టుబట్టి తెచ్చిన చట్టంతో, దేవుడి పేరు లేకుండా ప్రమాణం చేసే హక్కు అక్కడివారికి వచ్చింది. మన దేశం పక్షాన సభలో మాట్లాడిన మనిషి ఆయన. 1889లో బొంబాయి కాంగ్రెసుకు కూడా వచ్చాడు. 1891లో ఆయన చనిపోతే, అప్పుడు అక్కడ లా చదువుకుంటున్న గాంధీ గారు అంత్యక్రియలకు వెళ్లారు. ఆ సంగతి తన ఆత్మకథలో రాసుకున్నారు. లండనులోని మన దేశస్థులతో పాటు క్రైస్తవ మత బోధకులు కొందరు కూడా ఆ రోజు వచ్చారట. ఆయన ఎవరి కోసం పోరాడాడో వాళ్లు వచ్చారన్నమాట.

గాంధీ గారి జీవితంలోకి 1940లలో మరొక నాస్తికుడు వచ్చాడు. ఆయన మన తెలుగువాడే, గోరా గారు. అసలు పేరు గోపరాజు రామచంద్రరావు. 1902 నవంబరు 15న గంజాం జిల్లా ఛత్రపురంలో, ఆచారవంతుల బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. వృక్షశాస్త్రంలో ఎం.ఏ. చదివి మదురైలో, కొలంబోలో, కాకినాడలో పాఠాలు చెప్పారు. మదురైలో ఉన్నప్పుడు, మతం మారితే అమెరికా పంపి పెద్ద చదువు చదివిస్తామని ఆశ చూపితే వద్దన్నారు. 1928లో జందెం తీసేశారు. తండ్రి ఇంట్లో ఉండవద్దన్నారు, కులం వెలి వేసింది. ఆ తరువాత కాకినాడలో ఒకసారి, బందరులో ఒకసారి, నాస్తికుడన్న కారణంగానే ఉద్యోగం మీదికి వచ్చింది. మనబోటి ఉద్యోగులకు ఆ మాట విలువ తెలుసు. నెల జీతం మీద బతికే సంసారం, పిల్లలు చిన్నవాళ్లు.

ఇక్కడ ఆయన భార్య సరస్వతమ్మ గారిని తలచుకోకుండా ముందుకు పోవడం అన్యాయం. 1922లో పెళ్లయ్యేనాటికి ఆమెకు పదేళ్లు. సంప్రదాయపు ఇంటి పిల్ల. భర్త నమ్మడు కనుక నేనూ నమ్మను అనే రకం కాదు. గర్భవతిగా ఉండి గ్రహణం నాడు బయటికి వచ్చి, ఏమీ కాదని తనకు తాను తేల్చుకున్న మనిషి. క్విట్ ఇండియా రోజుల్లో చంటిబిడ్డను ఎత్తుకుని జైలుకు వెళ్లారు. "గోరాతో నా జీవితం" అని ఆమె రాసిన పుస్తకం ఉంది. దొరికితే మన ఇళ్లలోని ఆడవాళ్లు చదవాలి. భర్త సిద్ధాంతానికి భార్య వంటింట్లో ఎంత ఖర్చు పెట్టుకోవలసి వస్తుందో మగవాళ్లు రాసిన పుస్తకాలలో ఉండదు.

వెలి పడ్డ ఈ కుటుంబం ఇంటికి ఎవరు వచ్చారు? కృష్ణా జిల్లా ముదునూరు ఊరివాళ్లు వచ్చారు. వాళ్లు పిలిస్తే 1940లో గోరా దంపతులు అక్కడికి చేరి నాస్తిక కేంద్రం పెట్టారు. పేరు చూసి దేవుణ్ణి తిట్టే స్థలం అనుకునేవారు. కానీ అక్కడ జరిగిన పని రాత్రి బడి, వయోజనులకు చదువు, అన్ని కులాలవాళ్లు ఒక వరుసలో కూర్చుని తినే సహపంక్తి భోజనాలు. 1947లో కేంద్రం విజయవాడ పటమటకు మారింది.

వాళ్ల పిల్లల పేర్లు కూడా ఒక చరిత్రే. ఏ దేవుడి పేరూ లేదు, ఏ కులం తోకా లేదు. మనోరమ, లవణం, మైత్రి, విద్య, విజయం, సమరం, నియంత, మారు, నౌ. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టినవాడు లవణం. పెద్ద యుద్ధం మొదలైన ఏడు పుట్టినవాడు సమరం. పత్రికల్లో డాక్టరు సమరం గారి ఆరోగ్య శీర్షికలు మనలో చాలామంది చదివినవాళ్లమే. తొమ్మిదో సంతానం కనుక నౌ. తొమ్మిది మీద పేరు పెట్టుకోవడంలో మా ఆర్మూరుకు ఒక జతగాడు దొరికాడని నేను సరదాగా అంటూ ఉంటాను.

గాంధీ గారికి గోరా ఉత్తరాలు రాసి, 1944 చివరలో సేవాగ్రామంలో కలుసుకున్నారు. దేవుడి విషయంలో ఇద్దరికీ పొసగలేదు. అంటరానితనం విషయంలో పూర్తిగా పొసిగింది. ఆ సంభాషణలన్నీ గోరా ఇంగ్లీషులో రాయగా, 1951లో గాంధీ గారి నవజీవన్ సంస్థే అచ్చు వేసింది. గోరా తన పెద్ద కూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకు ఇస్తానన్నారు. పెళ్లి సేవాగ్రామంలో తానే జరిపిస్తానని, అందులో దేవుడి పేరు బదులు సత్యం పేరు చెప్పిస్తానని గాంధీ గారు ఒప్పుకున్నారు. 1948 జనవరిలో ఆయన హత్య జరిగింది. పెళ్లి ఆగలేదు. మార్చిలో సేవాగ్రామంలోనే జరిగింది.

కులం పోవాలని ఉపన్యాసం ఇచ్చినవాళ్లను నేను లెక్కలేనంత మందిని చూశాను. సొంత బిడ్డ పెళ్లి దగ్గర ఆ మాట మీద నిలబడినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

దేవుణ్ణి కాదన్న పెళ్లి ఎలా చెయ్యాలి అన్నది చిన్న సమస్య కాదు. తెనాలి త్రిపురనేని రామస్వామి చౌదరి గారు అంతకు ముందే "వివాహవిధి" అని, పెళ్లివాళ్లకు అర్థమయ్యే తెలుగులో పెళ్లి తంతు రాసి జరిపించారు. పక్క రాష్ట్రంలో పెరియార్ అనుచరులు పురోహితుడు లేని ఆత్మగౌరవ వివాహాలు వేలాదిగా చేశారు. ఆ పెళ్లిళ్లు కోర్టులో నిలవక చిక్కులు వస్తే, అన్నాదురై ప్రభుత్వం 1967లో హిందూ వివాహ చట్టాన్ని సవరించి వాటికి చెల్లుబాటు ఇచ్చింది. అటువంటి సవరణ మనకు లేదు. మనకు ఉన్న దారి 1954 ప్రత్యేక వివాహ చట్టం. దరఖాస్తు పెట్టి, ముప్పై రోజులు నోటీసు బోర్డు మీద పేర్లు వేలాడి, ముగ్గురు సాక్షులతో దస్కతు చేయాలి. ఆ ముప్పై రోజులలో ఎవరెవరు వచ్చి ఆ బోర్డు చదివిపోతారో, తరువాత ఏం జరుగుతుందో రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసిన మన మిత్రులను అడగండి. చట్టం తలుపు తీసింది కానీ గడప మాత్రం ఎత్తుగా పెట్టింది.

నాస్తిక కేంద్రం చేసిన పనుల్లో జనానికి గుర్తున్నది మాత్రం 1972 ఆగస్టు 15న విజయవాడలో ఏర్పాటు చేసిన గొడ్డు మాంసం, పంది మాంసం విందు. రెండు మతాల నిషేధాన్నీ ఒకేసారి దాటించాలని గోరా ఉద్దేశం. పత్రికల్లో పెద్ద గొడవ అయింది. దాని అవసరం నాకు అప్పుడూ అంతగా తోచలేదు, ఇప్పుడూ తోచదు. ఒకరోజు తిన్న తిండి గొడవలో ఏళ్ల తరబడి చేసిన పని మరుగున పడింది. 1969లో మొదలైన వాసవ్య మహిళా మండలి సంగతి ఎంతమందికి తెలుసు? వాస్తవికత, సంఘదృష్టి, వ్యక్తిత్వం, ఈ మూడు మాటల మొదటి అక్షరాలు కలిపితే వాసవ్య. ఆ మండలిని నడిపిన చెన్నుపాటి విద్య గారు రెండుసార్లు విజయవాడ నుంచి పార్లమెంటుకు గెలిచారు. దేవుణ్ణి నమ్మని ఇంటి ఆడపడుచుకు గుడికి పోయే జనమే ఓట్లు వేశారు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆ కేంద్రంవాళ్లు వెళ్లి పనిచేశారు, శవాల దగ్గర ఎవరూ మతం అడగలేదు. గోరా అప్పటికి లేరు. 1975 జూలై 26న, ఒక సభలో మాట్లాడుతూనే కన్నుమూశారు. 2002లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

ఇక మన జిల్లా సంగతికి వస్తాను.

గోరా పెద్ద కొడుకు లవణం గారు, ఆయన భార్య హేమలత గారు. హేమలత గారు మహాకవి గుర్రం జాషువా కుమార్తె. వీళ్లిద్దరూ 1970లలో స్టువర్టుపురం వెళ్లారు. ఇంగ్లీషువాళ్లు 1871 చట్టంతో కొన్ని కులాలకు పుట్టుకతోనే దొంగలని ముద్ర వేశారు. స్టువర్టుపురం అటువంటివారి కోసం పెట్టిన సెటిల్‌మెంటు. చట్టం 1952లో రద్దయినా ముద్ర పోలేదు. అక్కడ ఇల్లిల్లూ తిరిగి, పోలీసులతోనూ సర్కారుతోనూ మాట్లాడి, మానుకున్నవాళ్లకు బతుకుదెరువు చూపించడం వాళ్ల పని. దానికి "సంస్కార్" అని సంస్థ పెట్టారు. ఆ సంస్థే 1980లలో మన నిజామాబాద్ జిల్లాకు వచ్చింది, జోగినుల కోసం.

మన వయసువాళ్లకు జోగిని అంటే ఎవరో చెప్పనక్కరలేదు. పిల్లల కోసం రాస్తున్నాను. ఊళ్లో రోగం వచ్చినా, వానలు పడకపోయినా, ఇంట్లో మగబిడ్డ లేకపోయినా, మాల మాదిగ ఇళ్లలోని చిన్న ఆడపిల్లను ఎల్లమ్మకో పోచమ్మకో విడిచేవారు. దేవుడితో పెళ్లి అయినట్టు పసుపుతాడు కట్టేవారు. ఆ తాడుకు కూడా మన పసుపే. పెద్దమనిషి అయ్యాక ఆమె ఊరి మగవాళ్లందరి సొత్తు. జాతరలో ఆడాలి, శవం ముందు ఆడాలి. ఆమెకు పుట్టిన పిల్లలకు తండ్రి ఉండడు. అనంతపురం వైపు బసివి అన్నారు, చిత్తూరు వైపు మాతమ్మ అన్నారు. పేరు ఏదైనా ఒకటే బతుకు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ గారు నిజాం కాలంలోనే దీనికి ఎదురు నిలిచారు. అయినా పల్లెల్లో ఆగలేదు.

సంస్కార్‌వాళ్లు వర్నిలో ఇల్లు పెట్టి దానికి "చెల్లి నిలయం" అని పేరు పెట్టారు. ఆ పేరులోనే వాళ్ల పద్ధతి ఉంది. ఊరందరికీ భార్య అన్న ఆడమనిషిని, ఊరందరికీ చెల్లెలు అన్నారు. వచ్చినవాళ్లు నాస్తికులు. ఎల్లమ్మ లేదు పొమ్మని ఉపన్యాసం ఇచ్చి బస్సెక్కి పోవచ్చు. అలా చేయలేదు. పని నేర్పడం, పిల్లలను బడిలో చేర్చడం, ఇష్టపడ్డవాళ్లకు పెళ్లి చేయడం, ఊరి పెద్దలతో కూర్చుని ఇక ముందు విడవబోమని మాట తీసుకోవడం, ఇదీ వాళ్ల పద్ధతి. ఇటువంటి ఒత్తిళ్ల ఫలితంగానే 1988లో మన రాష్ట్రంలో దేవదాసీలుగా విడవడాన్ని నిషేధించే చట్టం వచ్చింది.

ఆ రోజుల్లో నేను రెవెన్యూలో గుమాస్తాను. ఏ మండలమో చెప్పను. ఒక జోగిని తన పదేళ్ల బిడ్డకు కులం సర్టిఫికెట్టు కోసం దరఖాస్తు తెచ్చింది. హాస్టలు సీటు కావాలి. వెంట సంస్థ తరఫు మనిషి ఒకామె. తండ్రి పేరు కాలం ఖాళీ. ఖాళీ కాలం ఉన్న దరఖాస్తు వాపసు పోతుంది, అది దఫ్తరు రివాజు. పై అధికారి అలాగే రాసి వాపసు పంపాడు. రెండోసారి వచ్చినప్పుడు నేను, కులం తల్లి వైపు నుంచి రుజువైతే చాలునని నోటు పెట్టి, ఊళ్లో విచారణ జరిపితే తేలిపోతుందని రాశాను. వచ్చినవాళ్లు వాదన పెట్టుకోలేదు. ఊరి నుంచి ఐదుగురు పెద్దమనుషులను తీసుకొచ్చారు. వాంగ్మూలం కింద ఐదుగురూ దస్కతు, వేలిముద్ర వేశారు. అందులో ఇద్దరు, ఆ తల్లిని చిన్ననాడు విడిచినప్పుడు పందిట్లో కూర్చున్నవాళ్లేనని తరువాత తెలిసింది. బిడ్డకు సర్టిఫికెట్టు ఇచ్చారు. తల్లి ఆ కాగితాన్ని మడవకుండా, రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగింది.

ఆ రోజు నుంచి, నాస్తికుడి ఇంటికి ఎవరొస్తారని ఎవరైనా అడిగితే నాకు ఆ ఐదుగురు గుర్తొస్తారు.

మన వైపు ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీల బలం మీకు తెలుసు. గుడి చందా ఇవ్వలేదనో, మాట వినలేదనో ఒక ఇంటిని వెలి వేసి, దుకాణంలో ఉప్పు పుట్టకుండా, కూలికి మనిషి రాకుండా చేసిన సంగతులు ఈ మధ్య కూడా పత్రికల్లో వస్తున్నాయి. 1928లో గోరాకు జరిగినది పాతకాలం ముచ్చట కాదు. నాకు అంతటి కష్టం రాలేదు. వినాయక చవితికి వచ్చిన పిల్లలకు చందా ఇవ్వను, అదే పిల్లల లైబ్రరీకి అడగకుండా ఇస్తాను. మా ఇంటామె భక్తురాలు. ఆమె గుట్ట ఎక్కితే నేను బుట్ట మోస్తాను. పైన ఆమె గుళ్లోకి, నేను రాళ్ల నీడకు. యాభై ఏళ్లలో ఈ ఏర్పాటుకు ఇద్దరమూ అలవాటు పడ్డాం.

మన సంఘం మీటింగులో జ్యోతి వెలిగించేటప్పుడు నేను అందరితో లేచి నిలబడతాను. మన సంఘం అసలు పని అది కాదని నాకు తెలుసు. ఒక సభ్యుడు పోయిన వారంలోపల మనలో ఇద్దరు ఆ ఇంటికి వెళ్లి, పి.పి.ఓ. ఎక్కడుందో వెతికి, కుటుంబ పింఛను ఫారాలు నింపి, ఆ అమ్మగారి చేత దస్కతు చేయించి ట్రెజరీకి చేరుస్తారు. హిందువు ఇంటికైనా, ముస్లిం ఇంటికైనా, చర్చికి పోయేవారి ఇంటికైనా ఒకటే పద్ధతి. ఇరవై ఏళ్లకు దగ్గరగా నేనూ ఆ ఇద్దరిలో ఒకడిగా పోతున్నాను. ఫారం నింపేటప్పుడు నా దేవుడి సంగతి ఎవరూ అడగలేదు.

నా విషయంలో, తంతు ఏమీ వద్దని, శరీరం నిజామాబాద్ మెడికల్ కాలేజీకి ఇవ్వమని కాగితం రాసి పెట్టాను. 2013లో ఆ కాలేజీ రావడంతో హైదరాబాదు దాకా పోవలసిన పని తప్పింది. కొడుకు సరేనన్నాడు. పెద్దమ్మాయి ఇంకా ఒప్పుకోలేదు. "పదకొండో రోజు ఏమీ లేకపోతే వచ్చినవాళ్లకు ఏం చెప్పాలె నాన్నా" అంటుంది. భోజనం పెట్టండి, నా గురించి ఎవరైనా రెండు మాటలు చెప్తే చెప్పనీయండి అన్నాను. మా మధ్య ఆ చర్చ ఇంకా తెగలేదు. వచ్చే సంక్రాంతికి ఆమె వచ్చినప్పుడు మళ్లీ కూర్చుంటాం.

హేమలత గారు 2008 మార్చిలో పోయారు. లవణం గారు 2015 ఆగస్టులో పోయారు. సరస్వతమ్మ గారు వాళ్లకంటే ముందే, 2006లో, తొంభై దాటిన వయసులో పోయారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఒంటరి మహిళలకు పింఛను మొదలుపెట్టినప్పుడు, ఫారాలు నింపిపెట్టడానికి నేనూ కొన్ని రోజులు కూర్చున్నాను. ఒకప్పుడు జోగినులుగా విడిచిన ఆడవాళ్లు, ఇప్పుడు జుట్టు నెరిసినవాళ్లు, ముగ్గురు వచ్చారు. భర్త పేరు కాలం దగ్గర ఆగి నా ముఖం చూశారు. అక్కడ అడ్డగీత పెట్టి, పక్క కాలంలో తల్లి పేరు అడిగి రాశాను.